సుత్తె, ఆకురాయి, పానా



మొన్న వానలు మొదలైన వారంలో, జనగామలో మా ఇంటి పక్కన ఉండే పిల్లవాడొకడు కొత్త పనిముట్ల పెట్టె పట్టుకొని వచ్చాడు. "కాకా, నలభై ఆరు సామాన్లు! పెట్టెతో సహా వచ్చినయి. ఇంక ఎవ్వరి దగ్గరికీ పోయే పని లేదు" అని మూత తీసి చూపించాడు. లోపల ఒక్కొక్కటీ అద్దంలా మెరుస్తోంది. వాడి సంతోషం చూసి నేనేమీ అనలేదు.

మర్నాడు పొద్దున పొలం నుంచి ఫోన్ చేశాడు. మోటారు బిగించిన బోల్టు విప్పుదామని 17 నంబరు పానా వేసి గట్టిగా లాగితే పానా నోరు విచ్చుకుంది. బోల్టు తల మూలలు అరిగి గుండ్రంగా అయింది. ఇక ఆ బోల్టును ఏ పానా పట్టదు. నేను వెళ్లి నా సంచిలోంచి ఒక ఉలి, ఒక సుత్తె తీశాను. బోల్టు తల అంచున చిన్న గాటు పెట్టి, ఆ గాటులో ఉలి మొన వాలుగా ఆనించి, విప్పే వైపుకు కొట్టుకుంటూ పోయాం. ముప్పావు గంటకు బోల్టు కదిలింది. పని అయ్యాక వాడు ఆ ఉలిని చేతిలోకి తీసుకొని తిప్పి తిప్పి చూశాడు. "ఇది ఎక్కడ కొన్నవ్ కాకా?" అని అడిగాడు. కొన్నది కాదు. పని నేర్చుకునే రోజుల్లో లారీ కమాను పట్టీ ముక్కను కొలిమిలో కాల్చి, సాగగొట్టి నేను చేసుకున్నది. దానికి నలభై ఏళ్లు.

ఆ మెరిసే పెట్టెకూ ఈ నల్లటి ఉలికీ ఉన్న తేడా గురించి ఇవాళ మీతో మాట్లాడతాను. ఇంటి దగ్గర ఓ బల్ల వేసుకొని, ఇనుముతోనో ఇత్తడితోనో చిన్న చిన్న పనులు చేసుకునేవాళ్లు మన దగ్గర తక్కువేమీ లేరు. మహబూబాబాద్ వైపు మిరప రైతు తన మందు కొట్టే పంపు తనే బాగుచేసుకుంటాడు. భూపాలపల్లిలో డ్యూటీ దిగిన కార్మికుడు ఇంటి గేటు గొళ్లెం తనే చేసుకుంటాడు. వాళ్లకు పనిముట్లు ఎంచుకోవడం ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. నాకు నేర్పినవాళ్లు ఉన్నారు కాబట్టి చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

నేను పుట్టింది మానుకోట, అంటే ఆ మహబూబాబాద్, దగ్గర పల్లెలో. సింగరేణిలో ఫిట్టరుగా పనిచేశాను, ఉద్యోగం చివరి పద్దెనిమిదేళ్లు భూపాలపల్లి గనుల్లో. గని పని ఒక సంగతి బాగా నేర్పుతుంది. పంపు ఆగిపోయిందని కబురొస్తే, సంచి భుజాన వేసుకొని ఏటవాలు దారిలో లోపలికి నడవాలి. ఇనుము బరువు. కిలోమీటరు నడిచేసరికి సంచిలో పనికిరానిది ఏదో భుజమే చెప్పేస్తుంది. మొదటి ఏడాది నా సంచిలో ఇరవై సామాన్లు ఉండేవి. అయిదో ఏడు వచ్చేసరికి తొమ్మిది మిగిలాయి. ఆ తొమ్మిదిలో ఏదైనా మొరాయించి పని ఆగిందంటే అది మళ్లీ సంచిలోకి వచ్చేది కాదు. నలభై ఆరు సామాన్ల పెట్టె చూస్తే నాకు మనసులో భుజం నొప్పి పుట్టడానికి కారణం అదే.

ముందు ఉక్కు సంగతి. పనిముట్టు అంటే ఉక్కు. మెరుపు అంటే పైన వేసిన పూత. ఈ రెండూ వేరు. గేట్లకు, కిటికీలకు వాడే మెత్తని ఇనుములో కార్బన్ నూటికి పావు వంతు కూడా ఉండదు. దాన్ని ఎంత కాల్చి నీళ్లలో ముంచినా గట్టిపడదు. ఆకురాయి చేసే ఉక్కులో కార్బన్ నూటికి ఒకటి దాటి ఉంటుంది. కాల్చి ముంచితే అది గాజులా గట్టిపడుతుంది, గాజులాగే పెళుసుగానూ అవుతుంది. పనిముట్టు చేసేవాడి తెలివంతా ఈ గట్టిదనానికీ పెళుసుదనానికీ మధ్య ఎక్కడ ఆపాలో తెలుసుకోవడంలో ఉంది.

ఇది నేను పుస్తకంలో చదవకముందే మా ఊరి కమ్మరి కొలిమి దగ్గర చూశాను. వానాకాలం ముందు రైతులు నాగలి కర్రులు, గొడ్డళ్లు, కొడవళ్లు పట్టుకొని వరుసగా కూర్చునేవాళ్లు. తిత్తి తాడు లాగే పని మా పిల్లలది. ఆయన గొడ్డలి అంచును ఎర్రగా కాల్చి, అంచు మటుకే రెండు వేళ్లంత నీళ్లలో ముంచి పైకి తీసేవాడు. వెంటనే రాతి ముక్కతో ఆ అంచును రుద్ది తెల్లగా చేసేవాడు. వెనక భాగంలో ఇంకా వేడి ఉంటుంది కదా, ఆ వేడి మెల్లగా అంచు వైపుకు పాకుతుంటే తెల్లటి ఉక్కు మీద రంగులు నడిచేవి. మొదట ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ రంగు, ఆ వెనక ఊదా, ఆఖరున నీలం. తనకు కావాల్సిన రంగు అంచుకు చేరగానే మొత్తం గొడ్డలిని నీళ్లలో ముంచేసేవాడు. ఎండుగడ్డి రంగు దగ్గర ఉక్కు సుమారు 220 నుంచి 230 డిగ్రీల వేడిలో ఉంటుంది. నీలానికి వచ్చేసరికి 300 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. ఆయన దగ్గర ఉష్ణమాపకం లేదు, కళ్లున్నాయి. మబ్బు పట్టిన రోజు ఈ పని సాయంత్రం దాకా చేసేవాడు కాదు, రంగు సరిగా కనబడదని.

ఇనుము కోసే ఉలికి ఊదాకూ నీలానికీ మధ్య ఆపాలి. ఇంకా ముందే ఆపితే మొన విరుగుతుంది. నీలం దాటిపోతే మొన వంగుతుంది. నా ఉలికి ఆ రంగు పట్టించింది నాకు పని నేర్పిన ఉస్తాద్. అందుకే అది నలభై ఏళ్లు నిలిచింది. ఆ పెట్టెలోని పానాలు చేసినవాళ్లు ఉక్కు మీద పెట్టాల్సిన డబ్బు పూత మీద పెట్టారు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఉక్కు విషయంలో తెలంగాణ ఒకప్పుడు ప్రపంచానికి పాఠం చెప్పిన నేల. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో కరిగించి చేసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు. అక్కడి పద్ధతిని హెన్రీ వాయిసీ అనే అధికారి చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. అంతకుముందే, 1795లో, జార్జ్ పియర్సన్ అనే శాస్త్రవేత్త లండన్ రాయల్ సొసైటీలో ఈ రకం ఉక్కు మీద పత్రం చదివాడు. ఆ తర్వాత మైకేల్ ఫారడే కూడా దీని గుట్టు తెలుసుకుందామని ప్రయోగాలు చేశాడు. వాళ్లు వాడిన 'వుట్జ్' అనే పేరు మన దక్షిణాది 'ఉక్కు' మాట నుంచే వచ్చిందని చెప్తారు. మా మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో ఇనుప ఖనిజం ఇప్పటికీ ఉంది. 2014 రాష్ట్ర విభజన చట్టంలో, అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టే వీలును పరిశీలించాలని రాసింది ఈ ఖనిజాన్ని చూసే. ఇంత ఉక్కు చరిత్ర ఉన్న చోట, మనం నోరు విచ్చుకునే పానా కొనుక్కుంటున్నామంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

సరే, ఆకురాయి దగ్గరికి వద్దాం. నన్నడిగితే ఇంటి పనివాడు మొదట కొనాల్సింది ఆకురాయి. సుత్తె అందరింట్లో ఏదో ఒకటి ఉంటుంది. ఆకురాయి మాత్రం చాలామందికి కత్తులు నూరుకునే బద్దగానే తెలుసు. ఐ.టి.ఐ.లో ఫిట్టర్ ట్రేడు పిల్లల చేత మొదటి నెలల్లో చేయించేది ఆకురాయితో రాసే పనే. ఒక ఇనుప ముక్క ఇచ్చి, దాన్ని నాలుగు వైపులా చదునుగా, మూలమట్టంగా రాయమంటారు. చేతులు బొబ్బలెక్కుతాయి. మూడో వారానికి గానీ చదును అంటే ఏమిటో చేతికి తెలియదు. ఆ తర్వాత జీవితంలో ఏ ముక్క పట్టుకున్నా వంకర ఎక్కడుందో వేలికే తెలుస్తుంది.

ఆకురాయి పొడవును తోక వదిలేసి కొలుస్తారు. ఇంటి పనికి 10 అంగుళాల బల్లపరుపు ఆకురాయి, పళ్లు ముతకగా ఉన్నది ఒకటి, 8 అంగుళాల సన్నపళ్లది ఒకటి, ఒక సగం గుండ్రం, ఒక చిన్న గుండ్రటిది ఉంటే ఏళ్ల తరబడి గడుస్తుంది. అంగట్లో ముతకదాన్ని బాస్టర్డ్ అని, మధ్య రకాన్ని సెకండ్ కట్ అని, సన్నదాన్ని స్మూత్ అని అడగాలి. కొనేటప్పుడు ఆకురాయిని కంటికి దగ్గరగా పెట్టి పొడవునా చూడండి, వంపు ఉందేమో తెలుస్తుంది. పళ్ల వరసల్లో ఎక్కడైనా మెరిసే చుక్కలు కనిపిస్తే అక్కడ పళ్లు చితికాయని అర్థం. ఒకదాని మీద ఒకటి పడేసి అమ్మే అంగట్లో ఆకురాయి కొనకండి. ఆకురాళ్లు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. ఇంట్లోనూ అంతే, ఒక చెక్కకు గాడులు కోసి విడివిడిగా నిలబెట్టండి.

పిడి లేకుండా ఆకురాయి పట్టుకోవద్దు. ఆ మొనదేలిన తోక అరచేతిలో దిగిన మనిషిని నేను చూశాను. ముందుకు తోసేటప్పుడే బలం పెట్టాలి, వెనక్కి లాగేటప్పుడు తేల్చాలి. పళ్లు కోసేది ముందుకే. రాసే చోట వేలితో తడిమి చూసే అలవాటు అందరికీ ఉంటుంది, అది మానుకోవాలి. వేలి జిడ్డు అంటితే ఆకురాయి జారుతుంది. సన్నపని చేసేముందు పళ్లకు బడిపిల్లల సుద్దముక్క రుద్దండి. లోహపు పొడి పళ్ల మధ్య ఇరుక్కోదు, గీతలు పడవు. ఈ ఒక్క చిట్కా వల్ల నా పని అందం సగం పెరిగింది.

ఇక పాతకాలపు ఫిట్టర్లు చెప్పే ఒక నియమం ఉంది. కొత్త ఆకురాయిని ముందు ఇత్తడికే వాడాలి, ఇనుముకు వాడకూడదు. ఇత్తడి మీద ఆకురాయికి చాలా పదునైన పళ్లు కావాలి, కొంచెం మొద్దుబారినా జారిపోతుంది. ఇనుము అంత పట్టింపు లేనిది, కాస్త అరిగిన పళ్లతోనూ తెగుతుంది. కాబట్టి కొత్తది ఇత్తడికి, ఇత్తడికి పనికిరానప్పుడు ఇనుముకు. ముందే ఇనుము మీద రాస్తే ఆ ఆకురాయి మళ్లీ ఇత్తడికి పనికిరాదు. ఈ నియమం మాట్లాడుకున్నప్పుడల్లా నాకు పెంబర్తి గుర్తుకొస్తుంది.

పెంబర్తి జనగామ పక్కనే, హైదరాబాద్–వరంగల్ దారి మీద. కాకతీయుల కాలం నుంచి ఇత్తడి పనికి పేరున్న ఊరు. గుడి తలుపుల తొడుగులు, ధ్వజస్తంభాల తొడుగులు, దేవుడి వాహనాలు, ఇప్పుడైతే సన్మానాలకు ఇచ్చే జ్ఞాపికలు అక్కడ తయారవుతాయి. 2010లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేను జనగామకు వచ్చాక తీరిక దొరికినప్పుడల్లా అక్కడికి వెళ్లి కూర్చుంటున్నాను. వాళ్ల పని చూడటం నాకు రెండో చదువు అయింది.

పలుచని ఇత్తడి రేకును కాల్చి మెత్తబరుస్తారు. వేడిచేసిన లక్క పరుపు మీద దాన్ని అతికిస్తారు. లక్క చల్లారితే రేకును కదలకుండా పట్టుకుంటుంది, అయినా దెబ్బ పడ్డచోట ఒదిగిపోతుంది. కింద ఇనుప దిమ్మె ఉంటే రేకు చితికిపోయేది. గాలి ఉంటే చిరిగిపోయేది. లక్క ఆ రెంటికీ మధ్య. ఆ తర్వాత ఉలి, చిన్న సుత్తె. ఆ సుత్తె పెట్టే చప్పుడు నిదానంగా, ఒకే లెక్కలో ఉంటుంది, ఆవు గంట మోగినట్టు. దెబ్బ దెబ్బకూ ఇత్తడి గట్టిపడుతుంది. గట్టిపడిందని చేతికి తెలియగానే లక్క నుంచి విడదీసి, మళ్లీ కాల్చి మెత్తబరిచి, మళ్లీ అతికిస్తారు. ఆ క్షణం దాటనిస్తే రేకు పగులుతుంది.

ఆ ఉలులను మీరు చేతిలోకి తీసుకొని చూడాలి. మనం ఉలి అంటే కోసేది అనుకుంటాం. ఈ ఉలుల మొన కోయదు, అంచు కావాలనే మొద్దుగా, నున్నగా ఉంటుంది. అది రేకును నొక్కుతుంది, జరుపుతుంది, గీత వేస్తుంది. అంచులో వెంట్రుకంత పదును మిగిలినా రేకు తెగుతుంది. ఇలాంటి పనికి ఉలులు అంగట్లో దొరకవు. ఎవరి గీతకు తగ్గట్టు వాళ్లు చేసుకోవాల్సిందే. ఆకు అంచుకు ఒకటి, కంటిపాపకు ఒకటి, పూసల వరుసకు ఒకటి. సుత్తె పిడి చూస్తే, మధ్యలో సన్నగా, చివర అరచేతిలో ఇమిడేట్టు లావుగా ఉంటుంది. సన్నగా ఉన్న చోట పిడి కాస్త ఊగుతుంది. ఆ ఊపు సుత్తెను దానంతట అదే పైకి లేపుతుంది కాబట్టి రోజంతా కొట్టినా మణికట్టు నొప్పిపెట్టదు. ఇంత ఆలోచన ఉన్న పనిముట్టు మన ఊరి పక్కనే ఉంది. చేతి పనిముట్టు అంటే గౌరవం కలగాలంటే మీ పిల్లల్ని ఒక ఆదివారం పెంబర్తి తీసుకెళ్లండి.

సుత్తె మాట వచ్చింది కాబట్టి పిడి గురించి చెప్తాను. ఇంటి పనికి గుండ్రటి వెనకతల ఉన్న సుత్తెలు రెండు చాలు, ఒకటి పావు కిలో, ఒకటి ముప్పావు కిలో. ముఖం అంచులు కొద్దిగా గుండ్రం చేసి ఉండాలి. పదునుగా ఉన్న అంచు దెబ్బ తప్పినప్పుడు చిట్లి కంట్లో పడుతుంది. అదే కారణానికి సుత్తెతో సుత్తెను ఎన్నడూ కొట్టవద్దు, రెండూ గట్టివే. పిడి కర్రలో పోగులు పిడి పొడవునా నడవాలి, అడ్డంగా పక్కకు దిగిపోకూడదు. కొన్న సుత్తె తల మంచిదై పిడి పాడైతే బాధపడకండి. మన తుమ్మ, మన చిరుమాను పిడులకు బాగా ఆగుతాయి. కోడిగుడ్డు ఆకారంలో చెక్కించుకోండి. గుండ్రటి పిడి చేతిలో తిరుగుతుంది, దెబ్బ ఎటు పడుతుందో తెలియదు.

పానాలు కొనడానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక కొత్త 8 మిల్లీమీటర్ల బోల్టు వేసుకెళ్లండి. దాని తలకు 13 నంబరు పానా పట్టాలి. అంగట్లోనే వేసి ఆడించి చూడండి. అటూ ఇటూ ఊగితే అది వద్దు, ఎంత మెరిసినా వద్దు. సాగగొట్టిన ఉక్కుతో చేసినది, క్రోమ్ వెనేడియం అని ముద్ర ఉన్నది అడగండి. రింగ్ పానా బోల్టు ఆరు మూలలనూ పట్టుకుంటుంది, నోరు పానా రెండు వైపులే పట్టుకుంటుంది. బిగిసిపోయిన బోల్టుకు ముందు రింగే వేయాలి. తిప్పి సైజు మార్చే పానా అన్నిటికంటే ముందు కొంటారు, నిజానికి అది అన్నిటికంటే చివర కొనాలి. పక్కడ్ కొనేటప్పుడు నోరు మూసి వెలుతురుకు ఎత్తి పట్టండి. కోసే అంచుల మధ్య వెలుతురు కనిపించకూడదు. జేబులో ఉన్న సన్నటి కాగితం కోసి చూడండి, చివరి దాకా తెగాలి. ఉలి కొనే పనైతే ఒక పాత ఆకురాయి వెంట తీసుకెళ్లండి. ఉలి మొన మీద ఆకురాయి జారిపోవాలి, కొరికితే ఆ ఉలి మెత్తనిది. తల మీద మాత్రం కొరకాలి. తల మెత్తగా ఉండటమే మంచిది, సుత్తె దెబ్బలకు చిట్లదు. వాడగా వాడగా ఆ తల గొడుగులా విచ్చుకుంటుంది. అప్పుడు సాన రాతి మీద ఆ గొడుగు అంచులు తీసేయాలి. వాటి నుంచి ముక్క ఎగిరి మనిషికి తగిలిన సంఘటనలు ప్రతి వర్క్‌షాపులోనూ ఉంటాయి.

మూలమట్టం చూసే గునియా నిజం చెప్తుందో లేదో తెలుసుకోవడం సులువు. నున్నటి రేకు అంచుకు ఆనించి ఒక గీత గీయండి. గునియాను బోర్లా తిప్పి అదే చోట మళ్లీ గీయండి. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడితే అది మంచి గునియా. విడిపోతే ఎంత విడిపోయాయో దానిలో సగం తప్పు. ఇనుము మీద గీతలు కనబడాలంటే మైలతుత్తం నీళ్లలో కరిగించి శుభ్రమైన ఇనుము మీద పూయండి. రాగి రంగు పొర ఏర్పడుతుంది, దాని మీద సూదిమొనతో గీస్తే గీత వెలుగుతుంది. చేతులు కడుక్కోవడం మరవద్దు, అది విషం. పిల్లలకు అందనీయవద్దు.

హ్యాక్సా గురించి రెండు ముక్కలు. పళ్ల మొనలు మనకు దూరంగా, ముందు వైపుకు చూడాలి. తెగే వస్తువు మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఆనాలి. మామూలు పనికి అంగుళానికి 18 పళ్లున్న బ్లేడు, పలుచని పైపుకు 24 లేదా 32. బ్లేడు విరిగి కొత్తది వేస్తే పాత గాడిలో పెట్టకండి, రెండో వైపు నుంచి కొత్తగా మొదలుపెట్టండి. అరిగిన బ్లేడు చేసిన గాడి సన్నగా ఉంటుంది, కొత్త బ్లేడు అందులో ఇరుక్కొని విరుగుతుంది. నిమిషానికి 40, 50 సార్లకు మించి లాగొద్దు. తొందరపడితే తెగేది ఇనుము కాదు, బ్లేడు పదునే పోతుంది.

వైసు దగ్గర పిసినారితనం పనికిరాదు. అది ఒక్కసారే కొంటాం. దవడలు 4 అంగుళాల వెడల్పు ఉన్నది చాలు. మూసి, మధ్యలో కాగితం పెట్టి బిగించి, నాలుగు మూలల్లోనూ లాగి చూడండి. ఎక్కడైనా కాగితం ఊడివస్తే దవడలు సమంగా లేవు. బల్ల మీద ఎంత ఎత్తులో బిగించాలంటే, పక్కన నిలబడి చేయి మడిస్తే వైసు పైభాగం మోచేతి ఎత్తుకు రావాలి. ఎత్తు తక్కువైతే నడుము పోతుంది, ఎక్కువైతే ఆకురాయి వంకరగా నడుస్తుంది. మా వర్క్‌షాపులో పొట్టివాళ్లకు కాళ్ల కింద చెక్క పలక వేసేవాళ్లు. ఆ పలక వేయించిన ఫోర్‌మన్‌ను నేనిప్పటికీ తలుచుకుంటాను.

ఎక్కడివి కొనాలి అని అడుగుతారు. పంజాబ్‌లో జలంధర్, లూధియానా, రాజస్థాన్‌లో నాగౌర్ చేతి పనిముట్లకు పేరున్న ఊళ్లు. నాసిక్‌లో తయారయ్యే టపారియా పానాలు, పక్కడ్‌లు, అలాగే జె.కె. ఆకురాళ్లు నేను సర్వీసంతా వాడాను, మీ ముందు నిలబడి మంచివని చెప్పగలను. మన దగ్గరా ఆ విద్య ఉంది. 1943లో సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ మొదలైంది. 1968లో హైదరాబాద్ బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వం టూల్ డిజైన్ సంస్థ పెట్టింది, ఇప్పటికీ పిల్లలు అక్కడ చదువుతున్నారు. పేరున్న సరుకుకు నకిలీలు కూడా ఉంటాయి. అక్షరాలు అలుక్కుపోయి ఉన్నా, ధర సగానికి సగం తక్కువ చెప్పినా పక్కన పెట్టేయండి.

కొనడానికి సాయమూ ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులున్నాయి. కమ్మరి పని, సుత్తెలు పనిముట్లు చేసే పని కూడా అందులో ఉన్నాయి. శిక్షణ తీసుకునేవాళ్లకు పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా ఇస్తారు. వృత్తిలో ఉన్న తమ్ముళ్లకు నా మాట ఒక్కటే. ఆ డబ్బును ఒకే పెట్టె మీద పెట్టకండి. ముందు మంచి వైసు, ఆ తర్వాత ఆకురాళ్లు, మిగిలినవి పని అడిగినప్పుడు.

మా పక్కింటి పిల్లవాడు ఆ పెట్టెలోంచి ప్లాస్టిక్ పిడి స్క్రూడ్రైవర్లు రెండు ఉంచుకున్నాడు. మిగతావి పక్కన పెట్టేశాడు. దసరా తర్వాత 13, 17 నంబర్ల రింగ్ పానాలు రెండే కొన్నాడు. జేబులో బోల్టు వేసుకొనే వెళ్లాడు. ఆకురాయి పట్టడం కూడా మొదలుపెట్టాడు. ఇప్పుడు ఒక ఇనుప ముక్కను చదును చేస్తున్నాడు. ఇంకా మధ్యలో గుబ్బగానే వస్తోంది, అందరికీ మొదట అలాగే వస్తుంది.

శ్రోతలారా, మీ ఇంట్లో అటక మీద మీ నాయనదో, తాతదో ఒక పాత సుత్తె, తుప్పు పట్టిన ఆకురాయి, పిడి ఊడిన ఉలి ఉండే ఉంటాయి. పాత సామాన్ల బండివాడు వచ్చినప్పుడు కిలోల లెక్కన వేసెయ్యకండి. ముందు కిరసనాయిలులో ఒక రాత్రి నానబెట్టి, తీగ బ్రష్షుతో రుద్ది, ఉక్కు ఎలా ఉందో చూడండి. మొన మీద ఆకురాయి జారిందంటే, ఆ ఉలికి ఎవరో ఒకప్పుడు కొలిమి దగ్గర నిలబడి సరైన రంగు పట్టించారు. దానికి కొత్త పిడి వేయించి, మీ ఇంట్లో పని నేర్చుకుంటానన్న పిల్లకో పిల్లవాడికో ఇవ్వండి.